గడికీ గడికీ నడుమ కథ

గత సంచికలో మూగచిత్రాల గురించి వేసిన చిన్న వ్యాసానికి తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు. అందుచేత ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలను ఎంచుకుని, తెరమీద కథ చెప్పడమనే విద్య ఎక్కడ పుట్టి ఎలా పెరిగిందన్న విషయానికే ఈసారి శీర్షికను పరిమితం చేస్తున్నాను.

ప్రశ్న: 1895లో పారిస్‌లో రైలు రావడం, కార్మికులు ఫ్యాక్టరీ నుంచి బయటికి రావడం వంటి దృశ్యాలు చూపించి సినిమాను ప్రారంభించారని చదివాను. అవి కథలు కావు కదా. మరి కథ చెప్పిన మొదటి సినిమా ఏది? — డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: ముందుగా ఒక చిన్న సవరణ. 1895 డిసెంబర్ 28న పారిస్‌లోని గ్రాండ్ కఫేలో లూమియర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చూపిన పది చిత్రాల్లో రైలు చిత్రం లేదు. అది ఆ తర్వాత ప్రదర్శనకు వచ్చింది. మీ ప్రశ్నకు జవాబు కాగల చిత్రం మాత్రం ఆ పదింటిలోనే ఉంది. ఒక తోటమాలి రబ్బరు గొట్టంతో మొక్కలకు నీళ్ళు పడుతుంటాడు. ఒక కుర్రవాడు వెనకనుంచి వచ్చి గొట్టాన్ని కాలితో తొక్కిపెడతాడు. నీళ్ళెందుకు ఆగిపోయాయో తెలియక తోటమాలి గొట్టం మూతిలోకి తొంగిచూడగానే కుర్రవాడు కాలు తీస్తాడు, నీళ్ళు ముఖాన చిమ్ముతాయి, తోటమాలి వాణ్ణి వెంటాడి పట్టుకుని దండిస్తాడు. ఇదంతా ఒక నిమిషం లోపలే ముగుస్తుంది. అయినా ఒక పని, దాని ఫలితం, ఆ ఫలితానికి ప్రతిక్రియ అనే వరుస అందులో ఉన్నది కాబట్టి, కల్పిత కథ చెప్పిన తొలి చిత్రాల్లో దీన్ని ముందు వరుసలో నిలపడం న్యాయం. ఈ చిత్రంలో నాకు ఎంతో ఇష్టమైన అంశం ఇంకొకటి ఉంది. దొరికిన కుర్రవాణ్ణి తోటమాలి కెమెరా ముందుకు లాక్కొచ్చి మరీ దండిస్తాడు. కెమెరా కదలదు, కాబట్టి కథే దాని ముందుకు రావాలి. మన వీధినాటకంలో పాత్రధారి దీపం వెలుగులోకి వచ్చి నిలబడి పద్యం అందుకోవడం లాంటిదే ఇది.

ఇక కథే ప్రధానమనుకుని చిత్రాలు తీసినవారిలో ఆలిస్ గీ అనే మహిళ పేరు తప్పక చెప్పుకోవాలి. ఆమె గోమాన్ అనే ఫ్రెంచి సినిమా సంస్థలో కార్యదర్శిగా చేరి, క్యాబేజీల మధ్య పసిపిల్లలు దొరికే ఒక జానపద ఊహను తెరకెక్కించారు. అది 1896లో తీశానని ఆమె తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఇప్పుడు మనకు దొరుకుతున్న ప్రతి మాత్రం 1900 ప్రాంతానిదని చరిత్రకారుల అభిప్రాయం. ప్రపంచంలో తొలి మహిళా దర్శకురాలు అయిన ఆమె పేరు చాలా సినిమా చరిత్రల్లో దశాబ్దాల పాటు కనిపించకపోవడం బాధ కలిగించే సంగతి.

అదే పారిస్‌లో జార్జ్ మెలియెస్ వృత్తిరీత్యా ఇంద్రజాలికుడు. కెమెరాను మధ్యలో ఆపి, ఎదురుగా ఉన్న వస్తువును మార్చి, మళ్ళీ నడిపితే తెరమీద ఒకటి మరొకటిగా మారినట్టు కనిపిస్తుందని గ్రహించి, ఆయన ఆ కిటుకును కథ చెప్పడానికి వాడుకున్నారు. 1902లో ఆయన తీసిన చంద్రయాత్ర చిత్రం సుమారు పావుగంట నడుస్తుంది. అందులో రాకెట్టు వెళ్ళి చంద్రుడి కంట్లో గుచ్చుకోవడం అందరూ ఎరిగినదే. ఆ వెంటనే వచ్చే దృశ్యంలో అదే రాకెట్టు చంద్రుడి నేలమీద మరోసారి దిగుతుంది. ఒకసారి జరిగినదాన్ని రెండుసార్లు ఎందుకు చూపారన్నది తర్వాతి ప్రశ్నలో తేలుతుంది.

ప్రశ్న: మేము గుడ్డను కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టి, రామాయణాన్ని గడులుగా విడగొట్టి, కింద తెలుగులో రాసుకుంటూ బొమ్మలు వేస్తాము. సినిమాలో షాట్లు కూడా ఇలాంటి గడులే కదా? తేడా ఏమిటి? — కలంకారీ కళాకారిణి, శ్రీకాళహస్తి

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మీదే. తొలినాళ్ళ సినిమా నిజంగానే మీ గుడ్డలాంటిది. మెలియెస్ చంద్రయాత్ర ముప్ఫై దాకా గడులున్న ఒక పటం. ప్రతి గడి తనలో తాను పూర్తి అయ్యాకే తర్వాతి గడి మొదలవుతుంది. మూగచిత్రాల్లో దృశ్యాల నడుమ వచ్చే అక్షరాల పలకలు మీరు బొమ్మ కింద రాసే వాక్యాల వంటివే.

మీ గుడ్డకూ తర్వాతి సినిమాకూ తేడా ఎక్కడ మొదలైందో ఒక చిత్రం చాలా స్పష్టంగా చూపుతుంది. 1903లో అమెరికాలో ఎడ్విన్ పోర్టర్ ఒక అగ్నిమాపక సిబ్బంది కథ తీశారు. మంటల్లో చిక్కుకున్న తల్లినీ బిడ్డనూ కాపాడే ఘట్టం అందులో ముఖ్యమైనది. పోర్టర్ ఆ ఘట్టాన్ని మొదట గది లోపలినుంచి మొత్తం చూపించారు: అగ్నిమాపకుడు లోపలికి రావడం, తల్లిని కిటికీ గుండా దింపడం, తిరిగి వచ్చి బిడ్డను తీసుకుపోవడం. ఆ తర్వాత అదే ఘట్టాన్ని వీధిలోనుంచి, మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చూపించారు. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో లోపలి ముక్కలనూ బయటి ముక్కలనూ కత్తిరించి ఒకదాని వెంట ఒకటి అతికిన ప్రతి ఒకటి ప్రచారంలోకి రావడంతో, పోర్టర్ 1903లోనే ఆధునికమైన కూర్పు (ఎడిటింగ్) కనిపెట్టారని చరిత్రకారులు పొరబడ్డారు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో హక్కుల నమోదు కోసం కాగితం మీద ముద్రించి ఇచ్చిన పాత ప్రతిని సరిచూశాక, ఘట్టం రెండుసార్లు వచ్చేదే అసలు చిత్రమని తేలింది.

ఇప్పటి కంటికి అది పొరపాటులా కనిపిస్తుంది. ఆనాటి ప్రేక్షకుడికి అలా అనిపించి ఉండదని నా నమ్మకం. మన ప్రాంతపు భారత నాటకంలో పాత్రధారి పద్యం పాడి, అదే భావాన్ని వచనంలో మళ్ళీ చెబుతాడు. ద్రౌపది రెండుసార్లు శపథం చేసిందని చూసేవాళ్ళెవరూ అనుకోరు కదా. గడి పూర్తి కావాలి, ఆ తర్వాతే ఇంకో గడి అన్నది అప్పటి మర్యాద. ఆ మర్యాదను దాటి, ఒక గడిని సగంలో ఆపి రెండో గడిలోకి వెళ్ళి, మళ్ళీ మొదటి గడికి తిరిగివచ్చినా చూసేవాడు కథను వదిలిపెట్టడని తెలుసుకోవడానికి సినిమాకు మరికొన్ని ఏళ్ళు పట్టింది. ఇంట్లో తల్లీ కూతుళ్ళు, తలుపు బద్దలుకొడుతున్న దొంగలు, టెలిఫోనులో ఆ మాట విని ఇంటికి పరుగెత్తే తండ్రి, ఈ మూడు చోట్ల మధ్య చిత్రాన్ని తిప్పుతూ అమెరికా దర్శకుడు డి.డబ్ల్యూ. గ్రిఫిత్ 1909లో తీసిన చిన్న చిత్రం ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. ఇలాంటి కథనే ఇలాంటి కూర్పుతోనే ఫ్రాన్సులోని పాథే సంస్థ 1908లో తీసిందన్న సంగతి కూడా చెప్పాలి. ఈ విద్యకు ఒక్కరినే కర్తగా చెప్పడం సరికాదు.

తర్వాతి అడుగు రష్యాలో పడింది. విప్లవం తర్వాత ముడిఫిల్ముకు తీవ్రమైన కరువు వచ్చినందువల్ల, మాస్కోలో లెవ్ కులెషోవ్, ఆయన విద్యార్థులు ఉన్న చిత్రాలనే కత్తిరించి, కొత్త వరుసల్లో అతికి చూసేవారు. ఆ కాలంలోనే ఆయన చేసిన ఒక ప్రయోగాన్ని శిష్యుడు పుదోవ్కిన్ తర్వాత వర్ణించారు. మొజూకిన్ అనే నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని ఒకే షాటును, మూడుచోట్ల వాడారు: ఒకచోట పక్కన సూపు గిన్నె, ఒకచోట శవపేటికలో స్త్రీ, ఒకచోట ఆడుకుంటున్న పాప. చూసినవారు ఆ నటుడు ఆకలిని, దుఃఖాన్ని, వాత్సల్యాన్ని ఎంత గొప్పగా చూపాడోనని మెచ్చుకున్నారట. ఆ ఫిల్ము ఇప్పుడు దొరకదు.

మీ ప్రశ్నకు సూటి జవాబు ఇక్కడే ఉంది. మీ గుడ్డమీద అన్ని గడులూ ఒకేసారి కంటి ముందు ఉంటాయి. చూసేవాడు వెనక్కీ ముందుకీ తన ఇష్టం వచ్చినట్టు పోవచ్చు, పక్కగడితో పోల్చుకోవచ్చు. సినిమాలో ముందరి గడి మాయమైతేనే తర్వాతి గడి వస్తుంది. మాయమైన దానిని చూసేవాడు మనసులో పెట్టుకుని వచ్చినదానితో కలుపుకోవలసిందే. అందుకని సినిమాలో కథ గడిలో సగమే ఉంటుంది. మిగిలిన సగం గడికీ గడికీ నడుమ, చూసేవాడి మనసులో జరుగుతుంది. సెర్గెయ్ ఐజెన్‌స్టీన్ 1925లో తీసిన ‘బ్యాటిల్‌షిప్ పొటెంకిన్’లో ఒడెస్సా మెట్ల ఘట్టం చూస్తే, పసిబిడ్డ ఉన్న తోపుడుబండి మెట్లమీద దొర్లే ఆ కొద్ది క్షణాలను ఆయన ఎన్ని ముక్కలుగా సాగదీశారో, నిజజీవితంలో కంటే తెరమీద ఆ మెట్లు ఎంత పొడవుగా అనిపిస్తాయో మీకు వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: గ్రిఫిత్ సినిమా భాషకు పితామహుడని పుస్తకాల్లో ఉంది. ఆయన ముఖ్యచిత్రం నల్లజాతివారిని నీచంగా చూపిందని కూడా ఉంది. పిల్లలకు ఏది చెప్పాలి? — విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: రెండూ చెప్పాలి, రెండింటినీ ఒకే పాఠంలో చెప్పాలి. 1915లో వచ్చిన ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’ బానిసత్వం రద్దయిన తర్వాతి కాలాన్ని వక్రీకరించి, ముసుగులు ధరించి నల్లవారిని చంపిన కూ క్లక్స్ క్లాన్ ముఠాను వీరులుగా చూపింది. అప్పటికి అంతరించిపోయిన ఆ ముఠా అదే ఏడాది నవంబరులో జార్జియా రాష్ట్రంలో తిరిగి పుట్టింది. నల్లజాతి సంఘాలు ఆనాడే వీధుల్లోకి వచ్చి ఈ చిత్రాన్ని నిరసించాయి కాబట్టి, అది ఆ కాలపు దృష్టి అని సరిపెట్టుకోవడానికి వీలులేదు.

ఇందులో మరింత భయపెట్టేది, ఆ చిత్రంలోని హానిని దాని నైపుణ్యం నుంచి విడదీయలేకపోవడం. ఆపదలో ఉన్నవారు ఒకవైపు, గుర్రాలమీద పరుగున వచ్చే ‘రక్షకులు’ మరొకవైపు. ఈ రెండింటి మధ్య తిప్పే కూర్పే ప్రేక్షకుణ్ణి తనకు తెలియకుండానే ముసుగువారి పక్షాన నిలబెడుతుంది. అయితే అదే పనిముట్టు మరో చేతిలోనూ పనిచేసింది. నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మీషో 1920లో తీసిన ‘వితిన్ అవర్ గేట్స్’లో ఒక నల్లజాతి కుటుంబాన్ని తెల్లవారి గుంపు ఉరితీయడాన్ని, ఇంకొకచోట ఒక తెల్లవాడు నల్లజాతి యువతి మీద చేసే దాడిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, అసలు ఆపద ఎవరికి ఎవరివల్ల అన్న ప్రశ్నను తిప్పి అడిగారు. ఈ చిత్రం చాలాకాలం కనబడకుండా పోయి, ఒక ప్రతి స్పెయిన్‌లో దొరికింది. తరగతిలో ఒకదాన్నే చెప్పే వ్యవధి ఉంటే మీషో చిత్రాన్నే చెప్పండని నా మనవి.

ప్రశ్న: మొదటి పూర్తి నిడివి కథాచిత్రం మన ఫాల్కే తీసినదేనా? — పుత్తూరు పాఠకుడు

జవాబు: కాదు. 1906 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ప్రదర్శించిన, నెడ్ కెల్లీ అనే బందిపోటు కథతో గంటకు మించి నడిచిన ఆస్ట్రేలియా చిత్రానికి ఆ స్థానం ఇస్తారు. అందులో కొన్ని నిమిషాల భాగమే ఇప్పుడు మిగిలింది. దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ బొంబాయి కారొనేషన్ థియేటరులో 1913 మే 3న విడుదలైంది. మనవారు పూర్తిగా తీసిన తొలి కథాచిత్రంగా దాని గౌరవానికి ఈ తేదీల వల్ల లోటేమీ రాదు.

ప్రశ్న: మా ఊళ్ళో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతంలో పగలు హరికథ, రాత్రి నాటకం జరుగుతాయి. జపాన్‌లో మూగచిత్రం పక్కన ఒకరు నిలబడి ఇలాగే కథ చెప్పేవారని విన్నాను, నిజమేనా? — పలమనేరు పాఠకుడు

జవాబు: నిజమే. వారిని బెన్షీ అంటారు. తెర పక్కన నిలబడి పాత్రలందరి సంభాషణలనూ గొంతు మార్చి పలుకుతూ, మధ్యమధ్య వ్యాఖ్యానం చేస్తూ కథ నడిపేవారు. మీ ఊరి భారతంలో పగలు విన్నది రాత్రి కంటికి కనబడుతుంది. బెన్షీ ఉన్న సినిమాలో వినడమూ చూడడమూ ఒకేసారి జరిగేవి. ప్రేక్షకులు నటుణ్ణి బట్టే కాక బెన్షీని బట్టి కూడా థియేటరును ఎంచుకునేవారు. జపాన్‌కు కథను చెప్పేవాడు పక్కన కూర్చుని ఉండే కొయ్యబొమ్మలాట, కబుకీ నాటక సంప్రదాయాలు ముందే ఉన్నందువల్ల ఇది వారికి సహజంగా కుదిరింది. మూగచిత్రాలకు వ్యాఖ్యాత ఉండడం చాలా దేశాల్లో కొంతకాలం జరిగినా, జపాన్‌లో మాత్రం ఆ కళ నిలదొక్కుకుని, అక్కడ మూగచిత్రాలు 1930 దశకం మధ్యదాకా సాగడానికి ఒక కారణమైంది. ఒజు వంటి గొప్ప దర్శకుడు తన తొలి టాకీని 1936లో గానీ తీయలేదు.

దీని వెనక ఒక విషాదం కూడా ఉంది. దర్శకుడు అకీరా కురోసావా అన్నగారు హెయిగో పేరున్న బెన్షీ. టాకీలు వచ్చి బెన్షీల బ్రతుకుతెరువు పోతున్నప్పుడు వారి సమ్మెకు ఆయన నాయకత్వం వహించారు. ఆ సమ్మె ఓడిపోయింది. 1933లో ఆయన ప్రాణం తీసుకున్నారు. తమ్ముడికి ప్రపంచ సినిమాలను చూపించి పరిచయం చేసినది ఆ అన్నే.

ప్రశ్న: మాటలు వచ్చాక సినిమా కథనం మెరుగుపడిందా, దెబ్బతిన్నదా? — చంద్రగిరి పాఠకురాలు

జవాబు: మొదట దెబ్బతిన్నది. 1927లో అమెరికాలో ‘ద జాజ్ సింగర్’ విజయం తర్వాత స్టూడియోలన్నీ మాటలవైపు పరుగెత్తాయి. కెమెరా చప్పుడు మైకులో పడకుండా దాన్ని గదిలాంటి పెట్టెలో బిగించవలసి వచ్చినందువల్ల, ఇరవై ఏళ్ళుగా స్వేచ్ఛ నేర్చుకున్న కెమెరా మళ్ళీ తోటమాలి చిత్రం నాటి స్థితికి వచ్చింది. మైకు ఎక్కడుంటే నటులూ అక్కడే నిలబడవలసి వచ్చింది. అయినా నాలుగేళ్ళలోనే దారి దొరికింది. జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎమ్’ చిత్రంలో హంతకుడు ఎప్పుడూ ఒకే బాణీని ఈలవేస్తుంటాడు. ఎవరి కంటికీ దొరకని అతణ్ణి బెలూన్లమ్మే ఒక గుడ్డివాడు ఆ ఈల విని గుర్తుపడతాడు. కంటికి కనబడనిదాన్ని కథలోకి తేవడమే శబ్దం అసలు పని అని ఈ ఒక్క ఘట్టం నేర్పింది.

మన దేశంలో మాత్రం శబ్దం రాకతో కథనం కొత్త వేషం ధరించలేదు, పాత ఇంటికి తిరిగి వచ్చింది. 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైన ‘ఆలం ఆరా’లో ఏడు పాటలున్నాయి. తెలుగు తొలి టాకీ, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’, కడప జిల్లాలో పుట్టిన సురభి నాటకసమాజం వారి నటులతో తయారైంది. పద్యంతో, పాటతో కథను ఆపి, భావాన్ని పండించి, మళ్ళీ కదిలించడం అనే మన పద్ధతి తెరమీదికి అలా నేరుగా వచ్చేసింది. పాట వస్తే కథ ఆగిపోతుందని విమర్శించేవారు ఈ వంశావళిని గమనించడం లేదని నా అభిప్రాయం. మన ప్రాంతపు నాటకరంగంలో పేరు తెచ్చుకుని ఇంటిపేరులా చిత్తూరును నిలుపుకున్న చిత్తూరు నాగయ్యగారి పోతన, త్యాగయ్య, వేమన పాత్రలు చూడండి. అక్కడ పాట తీసేస్తే కథే ఉండదు.

ప్రశ్న: ఒకే సంఘటనను ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పే కథలు సినిమాలో ఎప్పుడు మొదలయ్యాయి? — ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: అంతకుముందు చిన్న ప్రయత్నాలు ఉన్నా, రెండు చిత్రాలు ఈ దారిని స్థిరపరిచాయి. 1941లో ఆర్సన్ వెల్స్ ‘సిటిజెన్ కేన్’లో ఒక ధనవంతుడు చనిపోయాక, ఒక విలేఖరి అతణ్ణి ఎరిగినవారిని కలిసి అడుగుతూ పోతాడు, ఒక్కొక్కరి జ్ఞాపకం అతని జీవితంలో ఒక్కో ముక్కను తెస్తుంది. అక్కడ జ్ఞాపకాలు ఒకదానికొకటి తోడవుతాయి. పైన చెప్పిన కురోసావా 1950లో తీసిన ‘రషొమోన్’లో అవి ఒకదాన్నొకటి కొట్టివేస్తాయి. అడవిలో ఒక సమురాయ్ (జపాన్ యోధుడు) మరణాన్ని గురించి బందిపోటు, మృతుడి భార్య, సోదె చెప్పే స్త్రీ నోట మృతుడు, చివరికి కట్టెలు కొట్టేవాడు నాలుగు రకాలుగా చెబుతారు. ప్రతి కథనాన్నీ కెమెరా జరిగినట్టే చూపుతుంది కాబట్టి, కంటితో చూసినదే నిజమన్న సినిమా ప్రేక్షకుడి ధీమా అక్కడ మొదటిసారి గట్టిగా కదిలింది. మరుసటి ఏడు వెనిస్ ఉత్సవంలో దానికి అగ్రబహుమతి రావడంతో ప్రపంచం జపాన్ చిత్రాలవైపు చూడడం మొదలుపెట్టింది.

ప్రశ్న: మా బడిలో శనివారాలు పిల్లలకు పాత చిత్రాలు చూపాలని ఉంది. ఏవి, ఏ వరుసలో చూపాలి? — ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, చిత్తూరు జిల్లా

జవాబు: మొదటి శనివారం తోటమాలి చిత్రమూ చంద్రయాత్రా చాలు. రెండూ అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. రెండోవారం పోర్టర్ అగ్నిమాపక చిత్రాన్ని చూపి, అది ముగిశాక ఆ కథను పిల్లలచేత చెప్పించండి. తర్వాత ఫాల్కే చిత్రంలో మిగిలిన రీళ్ళు చూపవచ్చు. మన మూగచిత్రాల్లో చాలా భాగం, 1921లో రఘుపతి ప్రకాశ్ తీసిన తొలి తెలుగువారి మూగచిత్రం ‘భీష్మప్రతిజ్ఞ’తో సహా, ఇప్పుడు లేవు కాబట్టి ఉన్న రీళ్ళు మరీ విలువైనవి. కాస్త పెద్ద తరగతులకు విటోరియో డి సికా 1948 నాటి ‘బైసికిల్ థీవ్స్’ చూపండి. సైకిలు పోతే కూలి పోయే తండ్రి, అతని చెయ్యి పట్టుకుని రోమ్ వీధులన్నీ తిరిగే కొడుకు, వీళ్ళిద్దరి కథను మన పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. లండన్‌లో ఆ చిత్రం చూసిన సత్యజిత్ రాయ్ నటులు కానివారితో, స్టూడియో బయట తానూ తీయగలనని నిశ్చయించుకుని, 1955లో ‘పథేర్ పాంచాలి’ని పూర్తిచేశారు, ఐదో వారానికి అది సరిపోతుంది.

చంద్రయాత్ర చూపేటప్పుడు పిల్లలకు ముందుగా ఏమీ చెప్పకండి. రాకెట్టు రెండుసార్లు దిగిందని వాళ్ళలో ఎంతమంది గమనించారో, గమనించినవారు దానికి ఏ కారణం చెప్పారో దయచేసి మాకు రాయండి. వచ్చే సంచికలో వేస్తాము.